ఇంజన్ వేడి హెచ్చరిక: నిజమా, తప్పుడు సంకేతమా?

లక్ష్యం: ఈ భాగం చదివిన తరువాత, ఇంజన్ నిజంగానే వేడెక్కిందా, లేక హెచ్చరించే పరికరమే తప్పు చెబుతోందా అనేది మీరు క్రమపద్ధతిలో నిర్ధారించగలుగుతారు.

4.3.1 ఒక ఉదాహరణ

మీరు చేవెళ్ల నుంచి హైదరాబాద్ వైపు కారులో వస్తున్నారనుకోండి. హిమాయత్‌నగర్ దగ్గర ఉష్ణోగ్రత ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీతకు చేరింది. బానెట్ నుంచి ఆవిరి లేదు. ఇంజన్ లాగుడు తగ్గలేదు. సంకేతమే తప్పని మీకు అనిపించవచ్చు. అయినా మొదట దాన్ని నిజమనే భావించి, కారును పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. హెచ్చరిక నిజమైతే, ఇంకా నడపడం వల్ల హెడ్ గాస్కెట్ కాలిపోవచ్చు, సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు.

ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయరాదు. ప్రెషర్ కుక్కర్‌లో మాదిరిగానే లోపలి నీరు పీడనం వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే మరిగి పైకి చిమ్ముతుంది.

4.3.2 సెన్సార్ పనిచేసే తీరు

కూలెంట్ సెన్సార్‌లో థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల వద్ద 2,000 నుంచి 3,000 ఓమ్‌లు ఉండే నిరోధం, 80 డిగ్రీలకు సుమారు 300 ఓమ్‌లకు దిగుతుంది. సెన్సార్ తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే నిరోధం దాదాపు సున్నా అవుతుంది. కంప్యూటర్ దాన్ని విపరీతమైన వేడిగా చదువుతుంది. తీగ తెగితే అతి చలిగా చదువుతుంది.

4.3.3 నిర్ధారణ క్రమం

1. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడండి. తగ్గి ఉంటే ముందు లీకు వెతకండి.

2. మట్టం సరిగా ఉంటే, రాత్రంతా నిలిపిన కారుకు ఉదయాన్నే స్కానర్ పెట్టి ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేయండి. కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజన్‌లోకి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. చల్లని ఇంజన్‌కు 120 డిగ్రీలు చూపితే అది తప్పుడు సంకేతమే.

3. అప్పుడు సెన్సార్ ప్లగ్ ఊడదీయండి. రీడింగ్ అతి చలికి పడిపోతే సెన్సార్ పాడైనట్లు. పడకపోతే తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది. కొన్ని కార్లలో కంప్యూటర్ తన సొంత విలువ చూపుతుంది కనుక, మీటరుతో సెన్సార్ నిరోధం కూడా కొలవండి.

4. రెండవ పరీక్షలో రీడింగ్ సరిగా ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసి గమనించండి. ఉష్ణోగ్రత క్రమంగా పెరిగి హద్దు దాటితే వేడి నిజమైనదే: థర్మోస్టాట్, ఫ్యాన్, వాటర్ పంపు పరీక్షించాలి. క్షణంలో ఎగబాకితే వైరింగ్ లోపం. నీరు అంత వేగంగా వేడెక్కదు.

5. స్కానర్ సరిగా చూపుతూ ముల్లు మాత్రమే ఎర్రగీతలో ఉంటే, లోపం మీటరులోనో దాని ఎర్త్‌లోనో ఉంటుంది.

గమనిక: కూలెంట్ కారిపోయి సెన్సార్ నీటిలో మునగకపోతే, ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందే ఉండవచ్చు. అందుకే మట్టం చూడటం మొదటి మెట్టు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

చల్లని ఇంజన్‌కు స్కానర్ 120 డిగ్రీలు చూపింది. ప్లగ్ ఊడదీసినా రీడింగ్ మారలేదు. మీటరుతో కొలిస్తే సెన్సార్ నిరోధం 2,500 ఓమ్‌లు ఉంది. లోపం ఎక్కడ ఉంది? కారణం రాయండి.