పేరు నోటికి రాకపోతే... మతిమరుపు గురించి ఒక పరిశోధన చెప్పే పాఠం

"పెద్దతనంలో మతిమరుపు మామూలే" అని మనం తరచుగా అంటుంటాం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం, పెళ్ళిలో ఎదురైన మనిషి పేరు వెంటనే తట్టకపోవడం అందరికీ ఉండేదే. కాని ఇంట్లో అవ్వ చిక్కుడుకాయను చేతిలో పట్టుకొని "ఇది... కూరగాయ" అని ఆగిపోతే? కొన్నాళ్ళకు "ఏమో, తెలీదు నాయనా" అంటే? అది మొండితనమా, చాదస్తమా, లేక జబ్బా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలో మద్రాసు ఐఐటీలో జరిగిన ఒక పరిశోధన మనకు ఉపయోగపడుతుంది.

జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్కొక్క కణం వేలాది ఇతర కణాలతో కలిసి ఉంటుంది. ఒక జ్ఞాపకం ఏ ఒక్క కణంలోనో దాగి ఉండదు. ధర్మవరం మగ్గం మీద వాడే జకార్డు అట్టలను చూడండి. ఏ ఒక్క రంధ్రంలోనూ నెమలి బొమ్మ ఉండదు. రంధ్రాలన్నీ కలిసిన అమరికలోనే నెమలి ఉంటుంది. జ్ఞాపకం కూడా అంతే. కలిసి పనిచేసే కణాల మధ్య బంధం గట్టిపడుతుందని, నేర్చుకోవడం అంటే అదేనని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో చెప్పాడు.

కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం చాలా ముఖ్యం. ఇది కణతల లోపలి వైపున, ఇరుపక్కలా ఒక్కొక్కటి ఉంటుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఈ భాగాన్ని చాలావరకు తీసేశారు. ఆ తరువాత 2008లో చనిపోయేవరకు ఆయనకు కొత్త సంగతులు గుర్తుండేవి కావు. అయినా అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం వంటి చేతిపనిలో మాత్రం రోజురోజుకూ మెరుగయ్యాడు. అందుకే పొద్దున ఏం తిన్నారో చెప్పలేని నేత పెద్దాయన కూడా మగ్గం ముందు కూర్చుంటే చేయి తిప్పగలుగుతారు. చేతి నేర్పు మెదడులో వేరే భాగాలలో ఉంటుంది.

ఒక ముక్క అందితే చాలు

పాత కీర్తన మొదటి మాట ఎవరైనా ఎత్తుకుంటే మిగతా చరణాలు వాటంతట అవే వస్తాయి. కొంచెం దొరికితే మొత్తం గుర్తు తెచ్చుకోవడం మెదడుకున్న గొప్ప శక్తి. కృత్రిమ నాడీకణాల వలలో ఇది ఎలా జరుగుతుందో జాన్ హాప్‌ఫీల్డ్ 1982లో గణితంతో చూపించాడు. ఆయనకు 2024లో జెఫ్రీ హింటన్‌తో కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

కంప్యూటరుకు మతిమరుపు వస్తే

మద్రాసు ఐఐటీ ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి గారు మెదడు పనితీరును కంప్యూటరు నమూనాలతో పరిశోధిస్తారు. సామాన్యుల కోసం తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనలు కూడా చేశారు. ఆయన, సహ పరిశోధకులు కలిసి హిప్పోకాంపస్ పనిని పోలిన ఒక నమూనాను తయారుచేసి 2023లో ప్రచురించారు.

మొదట దానికి సగం చెరిగిన బొమ్మలు చూపించారు. అది "ఇది నాకు ఎంత తెలిసినట్టుంది?" అని తనలో తాను కొలుచుకుంటూ, తెలిసినతనం పెరిగే వైపుకే కదులుతుంది. పొగమంచులో పెనుకొండ కొండ ఎక్కేవారు దారి కనిపించకపోయినా ప్రతి అడుగూ ఎత్తువైపే వేసినట్టు! అలా వెళ్ళి పూర్తి బొమ్మను పట్టుకుంటుంది.

తరువాత 0 నుండి 9 వరకు అంకెల బొమ్మలను, వాటి పేర్లను నేర్పారు. నేర్చుకున్నాక అల్జీమర్స్ జబ్బులో జరిగినట్టుగా అందులో కొంత భాగాన్ని కావాలనే పాడుచేశారు. నష్టం ఒక మోస్తరుగా ఉన్నప్పుడు "తొమ్మిది" అనవలసిన చోట "బేసి సంఖ్య" అని చెప్పింది. నష్టం బాగా ఎక్కువైనప్పుడు "తెలియదు" అంది.

చిక్కుడుకాయను "కూరగాయ" అన్న అవ్వ మాట గుర్తుందా? ఆమె ఆ వస్తువును పూర్తిగా మరచిపోలేదు. అది ఏ జాతిదో తెలుసు, అసలు పేరు మాత్రం అందడం లేదు. ఇది కంప్యూటరు నమూనా మాత్రమే, మందు కాదు. కాని పెద్దవారి తప్పు మాటలు మొండితనం కాదని ఇది మనకు బాగా అర్థమయ్యేలా చెబుతుంది.

ఇంట్లో మనం ఏం చేయాలి?

* "నేనెవరో చెప్పు చూద్దాం" అని పదిమందిలో పరీక్ష పెట్టకండి. "అవ్వా, నేను నీ మనవణ్ణి, హిందూపురం నుండి వచ్చాను" అని మీరే చెప్పండి.
* పేరు అందనప్పుడు మొదటి అక్షరం అందించండి, లేదా వస్తువును చేతికివ్వండి. కొందరికి అది చాలు.
* వస్తువులను రోజూ ఒకే చోట పెట్టండి.
* చేతనైన పనిని చేయనివ్వండి. చింతపండులో గింజలు తీయడం, పూలు కట్టడం వంటివి మాన్పించకండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

తెలిసిన వీధిలోనే దారి తప్పడం, డబ్బు లెక్క తెలియకపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, స్వభావం మారిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మతిమరుపు అంతా అల్జీమర్స్ కాదు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, మానసిక కుంగుబాటు, కొన్ని మందులు, మద్యం, కిందపడినప్పుడు తలలో చేరిన రక్తం కూడా కారణాలు కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ తీసుకురండి. వారితో ఒకే ఇంట్లో ఉండే మనిషి వెంట రావడం మరీ ముఖ్యం.

ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా తికమక మొదలైతే జ్వరమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఇతర జబ్బో ఉండవచ్చు. అదే రోజు చూపించండి. మూతి వంకరపోయినా, ఒక చేయి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. వెంటనే 108కి ఫోను చేయండి.

రక్తపోటు, చక్కెర అదుపులో ఉంచుకోవడం, పొగతాగడం మానడం, చెవుడు ఉంటే వినికిడి యంత్రం వాడడం, రోజూ నడవడం, నలుగురితో మాట్లాడడం మెదడుకు మేలు చేస్తాయి. ఇవి నలభై, యాభై ఏళ్ళ వయసులోనే మొదలుపెట్టాలి. మన పెద్దలు పేర్లు మరచిపోవచ్చు, కాని ప్రేమగా పలకరించే గొంతు వారికి ఇంకా తెలుస్తుంది. ఆ గొంతు మనదే కావాలి.