ప్రాసెసర్ రాసింది పక్క చిప్‌కి ఎందుకు కనిపించదు?

ఫోన్‌తో తీసిన ఫొటోను ప్రాసెసర్ సిద్ధం చేస్తుంది. దాన్ని మెమరీ కార్డుకు చేర్చే పని మాత్రం డీఎంఏ అనే యంత్రాంగానిది. అది ప్రాసెసర్‌ని అడగకుండా నేరుగా మెమరీలోంచే తీసుకుపోతుంది. చిక్కంతా ఇక్కడే!

మెమరీ దాకా వెళ్లి రావడం ఆలస్యమని ప్రాసెసర్ పక్కనే క్యాష్ అనే చిన్న, వేగవంతమైన మెమరీని పెట్టుకుంటుంది. కిరాణా కొట్టాయన హడావిడిలో అప్పులు చీటీ మీద రాసుకుని, తీరిగ్గా ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టన్నమాట. ఈలోగా పుస్తకం తెరిస్తే కనిపించేది పాత లెక్కే.

అందుకే డీఎంఏను పురమాయించే ముందే డ్రైవర్ ప్రోగ్రామ్ చీటీలోది పుస్తకంలోకి ఎక్కిస్తుంది. దీని పేరు క్లీన్. కార్డు నుంచి ఫొటో మెమరీలోకి వచ్చినప్పుడు పాత చీటీ చించేయాలి. అది ఇన్‌వాలిడేట్.

చించడంలోనూ జాగ్రత్త కావాలి. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3 ప్రాసెసర్‌లో ఒక్కో క్యాష్ వరస 64 బైట్లు. చించితే వరస మొత్తం పోతుంది. ఫొటో చివరి 10 బైట్ల పక్కన, అదే వరసలో ఇంకో ప్రోగ్రామ్ లెక్క ఉంటే అదీ గల్లంతే. కాబట్టి డీఎంఏకి వరసలు నిండుగా కేటాయిస్తారు.

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న మామూలు కంప్యూటర్లలో ఈ క్లీన్, ఇన్‌వాలిడేట్ పనులను చాలావరకు హార్డ్‌వేరే చూసుకుంటుంది.