చలి తగ్గితే ఆకలి

ఉత్తర ధ్రువ ప్రాంతం వేడెక్కితే అక్కడివాళ్లకు మేలే కదా, చలి బాధ తప్పుతుంది అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతుంటారు. చలే వాళ్ల ఆస్తి అని తెలిస్తే ఈ మాట రాదు.

రష్యా ఉత్తర కొసన యమల్ ద్వీపకల్పం ఉంది. అక్కడి నేనెట్స్ జనం రెయిన్‌డీర్ మందలతో వేసవికి ఉత్తరాన సముద్రం వైపు, చలికాలానికి దక్షిణాన అడవుల దిక్కు వందల కిలోమీటర్లు కదులుతారు. శీతకాలంలో ఆ పశువులకు మేత మంచు కింద ఉండే, నాచులాంటి లైకెన్. మంచు పొడిగా, గుల్లగా ఉంటే చింత లేదు. రెయిన్‌డీర్ వాసన పట్టి, ముందుగిట్టలతో తవ్వి, ఆ గుంటలో మూతి పెట్టి మేస్తుంది.

చిక్కంతా వానతోనే. ఆ దిక్కునున్న బారెంట్స్, కారా సముద్రాలు ఆలస్యంగా గడ్డకడుతున్నాయి. తెరిచి ఉన్న నీటి మీదుగా వచ్చే తేమగాలి, మంచు కురవాల్సిన నవంబరులో వాన కురిపిస్తుంది. ఆ నీరు మంచులోకి ఇంకుతుంది. వెంటనే చలి ముదిరితే అదంతా గట్టి పలకైపోతుంది. నిండు గాదె తలుపు మీద సిమెంటు పోసినట్టే: ధాన్యం లోపలే ఉంటుంది, ఆకలి బయట నిలబడుతుంది. వసంతం దాకా ఆ తలుపు తెరుచుకోదు. 2013 నవంబరులో యమల్‌లో జరిగింది ఇదే. ఆ చలికాలంలో సుమారు 61 వేల రెయిన్‌డీర్లు తిండి లేక చచ్చిపోయాయి.

మందలు పోయిన కుటుంబాల్లో కొన్ని చేపలు పట్టుకుని బతికాయి. ఈనే పశువుల్ని ఇతరుల దగ్గర బదులు తెచ్చుకుని మళ్లీ మంద కట్టుకున్నాయి. సోవియట్ కాలపు సమష్టి క్షేత్రాలనూ తట్టుకుని సంచారాన్ని నిలబెట్టుకున్న జనం వాళ్లు. ఒక గాదె మూసుకుపోతే ఇంకో గాదెకు తరలిపోవడమే వాళ్ల విద్య.

అలా తరలే దారులకే ఇప్పుడు గ్యాసు తవ్వకం అడ్డం పడుతోంది. 2012లో యమల్‌లోని బొవనెంకొవో క్షేత్రం నుంచి గ్యాసు తీయడం మొదలైంది. పైపులైన్లు, రైలు మార్గం, రోడ్లు మేతభూముల్ని ముక్కలు చేస్తున్నాయి. వాన పడినప్పుడు మందను ఎటు మళ్లించాలో కాపరికి తెలుసు. అటు వెళ్లడానికి నేల మిగలాలి. కొత్త పైపు ఎక్కడ వెయ్యాలో గీసే ముందు ఆ కాపరిని అడిగితే, వాతావరణం మారినా ఆ మందలు బతికే వీలుంటుంది.