ప్లాస్మాను తాకకుండా కొలిచే తరంగం

మేళ్లచెరువు, కోదాడ వైపు ఊళ్లలో ఒక తరం సిలోన్ రేడియోలో తెలుగు పాటలు వింటూ పెరిగింది. కొలంబో ఎక్కడ, మేళ్లచెరువు ఎక్కడ! మధ్యలో వెయ్యి కిలోమీటర్లకు పైనే దూరం. పైన ఐనోస్ఫియర్ అనే పలుచని ప్లాస్మా (ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు) పొర షార్ట్‌వేవ్ తరంగాన్ని కిందికి తిప్పి పంపబట్టే ఆ పాట ఇక్కడిదాకా వచ్చింది.

1925లో అమెరికాలో గ్రెగరీ బ్రైట్, మెర్ల్ టూవ్ రేడియో పల్సులను పైకి పంపి, అవి ఎంతసేపటికి తిరిగొస్తాయో కొలిచారు. ఐనోస్ఫియర్‌ను కొలిచే ఐనోసోండ్ యంత్రానికి అదే మూలం. ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోతే ఒక దశలో తరంగం తిరిగి రాదు, పొరను దాటి వెళ్లిపోతుంది. ఘనపు మీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లుంటే ఆ హద్దు సుమారు 9 మెగాహెర్ట్జ్. 1950ల్లో వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, భావరాజు రామచంద్రరావు బృందం రిసీవర్లను దూరదూరంగా పెట్టి, ఇలా తిరిగొచ్చే తరంగాలతోనే ఆ పొరలోని గాలుల వేగాన్ని పట్టుకుంది. మనవాళ్ల ఈ పనికి దక్కాల్సినంత ప్రచారం దక్కలేదు.

ఇక ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించి ఉంచే యంత్రం, టోకమాక్. గాంధీనగర్ దగ్గర భాట్‌లో 1989లో మొదలైన 'ఆదిత్య' లాంటి యంత్రంలో ప్లాస్మా లక్షల డిగ్రీల వేడిమీద ఉంటుంది. అంచుల్లో తప్ప లోపల ఏ కడ్డీ పెట్టినా నిలవదు. సాంద్రతేమో ఐనోస్ఫియర్‌కు దాదాపు కోటి రెట్లు. హద్దు ఫ్రీక్వెన్సీ మాత్రం వర్గమూలం లెక్కన 3,162 రెట్లే పెరిగి, 28 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. అంటే మైక్రోవేవ్ కావాలి.

అందుకని ఆ హద్దుకు బాగా పైనున్న 100 గిగాహెర్ట్జ్ తరంగాన్ని, అంటే 3 మిల్లీమీటర్ల పొడవున్నదాన్ని, రెండుగా చీలుస్తారు. ఒకటి ప్లాస్మా గుండా పోతుంది, ఇంకొకటి బయటి దారిన వస్తుంది. రెండింటినీ కలిపి చూస్తే ఫేజ్‌లో తేడా కనిపిస్తుంది. దారిలో ఎలక్ట్రాన్లు ఎన్ని ఎక్కువుంటే తేడా అంత ఎక్కువ. ఒక గీత వెంట కొలిస్తే దక్కేది మొత్తం మాత్రమే. పక్కపక్కనే చాలా గీతల వెంట కొలిచి, సీటీ స్కాన్‌లో చేసినట్టు గణితంతో విప్పితే సాంద్రత పటం తేలుతుంది. జర్మనీలో 2013 దాకా నడిచిన టెక్స్‌టర్, కొరియాలోని కేస్టార్ టోకమాక్‌లు ఇంకో అడుగు వేశాయి. అక్కడ ప్లాస్మా పొర నుంచి వెనక్కొచ్చే మైక్రోవేవ్‌ను కటకాలతో యాంటెన్నాల వరుసపై పడేసి, సాంద్రతలోని అలజడిని బొమ్మగా చూశారు.

చిక్కు కూడా ఉంది. సాంద్రత ఒక్కసారిగా మారితే పరికరం ఫేజ్‌లో ఒక పూర్తి చుట్టును లెక్కలో వదిలేస్తుంది. ఆపైన చూపే ప్రతి అంకె తప్పవుతుంది. టోకమాక్‌లోకి గ్యాస్ ఎంత వదలాలో ఈ అంకెను చూసే నిర్ణయిస్తారు కాబట్టి, ఆ జారిన చుట్టును అప్పటికప్పుడే పట్టి సరిదిద్దడానికి ఇంజినీర్లు రెండో ఫ్రీక్వెన్సీని కూడా పక్కనే నడుపుతారు.