కారు మెరుపుకి పట్టే గంటలు

ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ కారుని ఇంటి దగ్గరే కడిగి, లోపలా బయటా శుభ్రం చేసి, పాలిష్ పట్టి, పైన మైనం పూయడానికి ఒక్క మనిషికి ఎంతసేపు పడుతుంది? పద్ధతిగా చేస్తే ఎనిమిది నుంచి పది గంటలు. బండి పాతదై, ఒంటినిండా గీతలుంటే రెండు రోజులు. వీధి చివర వాటర్ వాష్ వాళ్లు అరగంటలో తేల్చేసే పనికి రోజంతా ఎందుకని చాలామంది అడుగుతారు. జవాబు బండి మీదే ఉంది. మనం చూసే రంగు పైన, కంటికి ఆనని పారదర్శకమైన పూత ఒకటుంటుంది. దాని పేరు క్లియర్ కోట్. మందం 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. ఆ రోజంతటిలో ఎక్కువ గంటలు ఆ పూత అడిగేవే. అదెలా పుట్టిందో తెలిస్తే ఈ చాకిరీ మన వాకిట్లోకి ఎలా వచ్చిందో కూడా తెలుస్తుంది.

మొదటి తరం కార్లకు రంగు వేసింది గుర్రపుబగ్గీలకు రంగు వేసిన చేతులే. అవిసెనూనె కలిపిన రంగు, ఆ పైన వార్నిష్, అంతా బ్రష్‌తోనే. ఒక పూత వేయాలి, ఆరేదాకా ఆగాలి, నున్నగా రుద్దాలి, మళ్లీ పూత వేయాలి. అవిసెనూనె నీళ్లలాగా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ని మెల్లగా తీసుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడుతుంది. ఆ ముళ్లు పడడానికి రోజులు కావాలి. అందుకే ఒక బండికి రంగు పూర్తయ్యేసరికి వారాలు గడిచేవి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి పసుపుపచ్చ రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ కాలంలో పుట్టిన బండే. అది 1912 నాటిది. రాజుగారి బండికి ఎన్ని వారాలు పట్టినా అడిగేవాళ్లు లేరు. వేల బండ్లు అమ్మాలనుకున్న కంపెనీల సంగతి వేరు. 1914 నాటికి ఫోర్డ్ అసెంబ్లీ లైన్ మీద మోడల్ టీ ఛాసిస్ గంటన్నరలో తయారైపోతోంది. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోర్డ్ చవకగా, గట్టిగా ఉండే తారుజాతి నల్ల ఎనామెల్‌ని నమ్ముకుని 1925 దాకా నలుపు తప్ప మరో రంగు ఇవ్వలేదు. రంగురంగుల కార్లు అమ్మాలనుకున్న జనరల్ మోటార్స్‌కి ఆ దారి పనికిరాదు. ఆరడానికి వారాలు పట్టే బండ్లను పెట్టుకోవడానికే ఎకరాల కొద్దీ షెడ్లు కావాలి.

ఈ చిక్కు విప్పింది పేలుడు పదార్థాలు చేసే డ్యూపాంట్ కంపెనీ. దూదిని నత్రికామ్లంతో కలిపి చేసే నైట్రోసెల్యులోజ్ తుపాకీ మందుకి ముడిసరుకు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక దానికి గిరాకీ పడిపోయింది. అదే పదార్థాన్ని ద్రావణిలో కరిగిస్తే లాకర్ అవుతుంది. ద్రావణి ఆవిరైపోతే చాలు, నిమిషాల్లో ఆరిపోతుంది. అయితే అది మహా చిక్కన. స్ప్రే చేయగలిగేంత పల్చన చేస్తే అందులో అసలు సరుకు మిగలదు, ఎన్ని పూతలు వేసినా మందం రాదు. 1920 వేసవిలో న్యూజెర్సీలోని పార్లిన్ ప్లాంటులో ఒక పీపాలో, సోడియం అసిటేట్ కలిపిన ఈ జిగట ద్రావణం ఎండవేడికి అలాగే ఉండిపోయింది. తీరా చూస్తే పల్చగా పారుతోంది. సరుకు మాత్రం తగ్గలేదు. వెతుకుతున్నది దొరికింది. జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాన్ని నడుపుతున్న ఛార్లెస్ కెటరింగ్ బృందంతో కలిసి దాన్ని కార్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లు ‘ట్రూ బ్లూ’ అనే నీలంరంగులో వచ్చాయి. ఆ లాకర్‌కి పెట్టిన పేరు డ్యూకో. మన వడ్రంగులు, పెయింటర్లు చెక్క మీద స్ప్రేతో కొట్టే రంగుని డ్యూకో అనడం అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ స్ప్రే గన్ మూలం ఇంకా విచిత్రం. అమెరికాలోని టొలీడోలో డివిల్‌బిస్ అనే డాక్టరు గొంతులోకి మందు చల్లడానికి చేసిన చిన్న పరికరాన్ని, ఆయన కొడుకు థామస్ 1907లో రంగు చల్లే గన్‌గా మార్చాడు.

వారాల పని గంటల్లోకి దిగింది. కానీ నైట్రోసెల్యులోజ్ లాకర్ ఆరగానే మెరవదు. మసకగా, గరుకుగా ఉంటుంది. మెత్తటి రాపిడిపొడి కలిపిన ముద్దతో రుద్ది, పాలిష్ పట్టి మెరుపు తేవాలి. పైగా నెలలు గడిచేకొద్దీ ఎండకి పైపొర వెలిసిపోయి సున్నంలా రాలుతుంది. మళ్లీ రుద్దాలి. ఫ్యాక్టరీలో ఆదా అయిన గంటల్లో కొన్ని బండి కొన్నవాడి ఆదివారాల్లోకి వచ్చి చేరాయి. కారు చరిత్రలో ఈ బదిలీ నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. రంగు పని ఎక్కడ తేలికైనా, దాని బరువు కొంత ఇంకొకరి చేతి మీదికి జరుగుతూనే వచ్చింది. తర్వాత ఎనామెల్ రంగులొచ్చినా రుద్దుడు తప్పలేదు. పాత అంబాసిడర్లని, ప్రీమియర్ పద్మినీలని పాలిష్ పట్టినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: తెల్లగుడ్డతో రుద్దితే బండి రంగు గుడ్డకి అంటుకునేది. ఆ రోజుల్లో రంగూ, మెరుపూ, రక్షణా అన్నీ ఒకే పొర పని.

ఆ పనుల్ని విడదీసిందే క్లియర్ కోట్. మెటాలిక్ రంగుల్లో మెరిసేది సన్నటి అల్యూమినియం రేకులు. అవి నేరుగా ఎండావానలకు తగిలితే పాడైపోతాయి. అందుకని రంగుని అడుగున పల్చగా వేసి, దానిపైన రంగులేని గట్టి పూత వేయడం 1970ల్లో, 80ల్లో పరిశ్రమ అంతటా పాకింది. ఇప్పుడు దాదాపు ప్రతి కారుకీ అదే వరస. ముందు తుప్పు పట్టకుండా కరెంటు సాయంతో అంటించే ప్రైమర్, దానిమీద మరో ప్రైమర్, 15 మైక్రాన్ల రంగు, ఆఖరున క్లియర్ కోట్. 140 డిగ్రీల సెల్సియస్ దరిదాపు వేడిలో ఉడికించేసరికి అది గట్టి ప్లాస్టిక్ పొరలా మారుతుంది. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీలో రంగు కొట్టే పని రోబోలదే. పైపూతలో అతినీలలోహిత కిరణాల్ని పీల్చేసుకునే రసాయనాలుంటాయి. అవే కింది రంగుని వెలిసిపోకుండా కాస్తాయి. ఇప్పుడు గుడ్డకి రంగు అంటదు. కొత్త బండికి పాలిష్ అక్కర్లేదు. అయితే ఈ పూత గాజులా మెరుస్తుంది కాబట్టి, దానిమీద పడిన ప్రతి సన్నగీతా కనిపిస్తుంది.

నల్లకారుని మధ్యాహ్నపు ఎండలో చూడండి. బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాలు వలయాలుగా గీతలు కనిపిస్తాయి. గుండ్రంగా రుద్దడం వల్ల వచ్చాయనుకుంటారు. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి. వాటిలో వెలుగుని మన కంటివైపు తిప్పగలిగేవి ప్రతిబింబానికి అడ్డంగా ఉన్నవి మాత్రమే. అవన్నీ కలిసి వలయంలా కనిపిస్తాయి. తల పక్కకి జరపండి, వలయమూ జరుగుతుంది. ఈ గీతలు ఎక్కువగా రోడ్డు మీద పడినవి కావు. పొద్దున్నే బండి తుడిచేటప్పుడు పడినవి. మన దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది. అది ఉక్కునే గీయగలదు, ప్లాస్టిక్ పొర దానికెంత? పొడిగుడ్డతో దుమ్ము దులిపితే ఆ ఇసుకని పూతమీద ఈడ్చినట్టే.

కడగడానికే గంటన్నర నుంచి రెండు గంటలు ఎందుకంటే ఇందుకే. ముందు చక్రాలు. తర్వాత బండి మీద ధారాళంగా నీళ్లు కొట్టి ఇసుకని రాలగొట్టాలి. రెండు బకెట్లు కావాలి: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. టాప్ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. ఒక డోర్ అయ్యాక గుడ్డ జాడించాకే రెండో డోర్. అంట్లు తోమే సబ్బు వాడితే ఉన్న మైనం కాస్తా పోతుంది. ఆ గుడ్డ మైక్రోఫైబర్‌ది అయితే మేలు. 1970లో జపాన్‌లోని టోరే కంపెనీలో మియోషి ఒకమోతో సాధించిన అతి సన్నని పోగుల పుణ్యమిది. ఆ పోగుల మధ్య సందుల్లోకి దుమ్ము వెళ్లి ఇరుక్కుంటుంది, పూతని రాసుకోదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీళ్లతో కడిగేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. చుక్క ఆరిపోతే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లమరకలై మిగులుతాయి. కాబట్టి ఎండెక్కకముందే, నీడలో కడగాలి. కడిగిన వెంటనే తుడిచేయాలి.

కడిగిన బండి మీద అరచేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని నిమిరితే ఇంకా గరగర తగులుతుంది. బ్రేకుల నుంచి ఎగిరిన సన్నటి ఇనుపరజను వేడిగా వచ్చి పూతలో దిగిపోయి ఉంటుంది. దానికి అమ్మోనియం థయోగ్లైకొలేట్ ఉన్న ద్రావణం చల్లుతారు. ఇనుముతో కలిసి కొన్ని నిమిషాల్లో ఊదారంగులో కారుతుంది. బ్యూటీ పార్లర్లలో జుట్టు ఉంగరాలు తిప్పే మందులో వాడే రసాయనమే ఇది, వాసన కూడా అదే. మిగిలిన గరుకు తీయడానికి క్లే అనే మెత్తటి ముద్ద ఉంది. జపాన్‌లో తయారైన ఈ ముద్దకి 1990ల్లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. షాంపూ నీళ్లు చల్లుకుంటూ ఒత్తకుండా జరిపితే అంటుకున్నదాన్ని కోసుకుంటూ పోతుంది. ముద్ద కిందపడితే మాత్రం పారేయాల్సిందే. ఇదంతా ఇంకో గంట.

అసలు గంటలు పాలిషింగ్‌లో ఉన్నాయి. పాలిష్ అంటే గీత నింపడం కాదు. గీత అడుగుదాకా చుట్టూ ఉన్న పూతని అరగదీయడం. ఒక విడతకి ఒకటి నుంచి మూడు మైక్రాన్ల దాకా పోతుంది. పోయింది తిరిగి రాదు. పాతరకం రోటరీ మెషీన్‌లో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. ఒకచోట ఒక్క క్షణం ఎక్కువ ఆగితే రాపిడివేడికి పూత కాలిపోతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకి ధైర్యాన్నిచ్చింది డ్యూయల్ యాక్షన్ పాలిషర్. దీని ప్యాడ్ నడిమధ్య కాకుండా కాస్త పక్కకి జరిపిన పిన్ను మీద ఉంటుంది. మోటారు ప్యాడ్‌ని 8 నుంచి 21 మిల్లీమీటర్ల వెడల్పు సుడిలో నిమిషానికి వేలసార్లు ఊపుతుంది. ప్యాడ్ తనంతట తాను తిరగడం ఆ ఊపు వల్ల వచ్చేదే, మోటారు నేరుగా తిప్పదు. గట్టిగా ఒత్తితే ఊపు ఉంటుంది కానీ తిరగడం ఆగిపోతుంది. అందుకే పనివాళ్లు ప్యాడ్ వెనక ప్లేటు అంచుమీద మార్కర్‌తో ఒక నల్లగీత గీసుకుంటారు. గీత తిరుగుతూ కనిపిస్తుంటే పని జరుగుతున్నట్టు. నిలిచిపోయిందంటే చేతి బరువు తగ్గించాలి.

లెక్క వేద్దాం. హ్యాచ్‌బ్యాక్ మీద రంగున్న భాగం సుమారు 9 చదరపు మీటర్లు. ఒకసారికి అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు చదరమే చేయాలి. అంటే 36 చదరాలు. ఒక్కోదానిమీద నిలువుగా, అడ్డంగా నాలుగుసార్లు తాపీగా నడిపితే మూడు నిమిషాలు. తుడిచి, టార్చి లైటు వేసి చూడడానికి ఇంకో రెండు. మొత్తం మూడు గంటలు. గీతలు లోతుగా ఉండి రెండు రకాల పాలిష్ కావాలంటే ఆరు గంటలు. తొందరపడి చదరం పెద్దది చేస్తే పాలిష్ మధ్యలోనే ఎండిపోతుంది, గీతలు అలాగే ఉంటాయి.

లోపలి పని రెండు, మూడు గంటలది. సీట్లు వెనక్కి, ముందుకి జరిపి వ్యాక్యూమ్ పెట్టాలి. మ్యాట్లు కడిగి ఆరబెట్టాలి. డ్యాష్‌బోర్డ్ సందుల్లో బ్రష్ ఆడించాలి. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేసిన మోటారు వ్యాక్యూమ్ గుర్రబ్బండి మీద వీధిలో నిలబడేది, కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి వెళ్లేవి. ఇప్పుడది ఒక చేతిలో ఇమిడిపోతోంది. అయినా సీటుపట్టాల కింద పడిన చిప్స్ ముక్క తీయడానికి వేలే కావాలి.

ఆఖరిది కాపు. బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే కార్నౌబా తాటిజాతి చెట్టు ఆకుల మైనం పూయడానికి ముప్పావుగంట చాలు, కొన్ని వారాలు నిలుస్తుంది. సిరామిక్ కోటింగ్ అయితే నెలలు, ఏళ్లు. సిలికాన్ సమ్మేళనాలతో చేసిన ఈ ద్రావణం గాలిలోని తేమతో కలిసి గట్టిపడుతుంది. అది మెల్లగా జరుగుతుంది కాబట్టి మొదటిరోజు బండి మీద నీళ్లు పడకూడదు. పూర్తిగా గట్టిపడడానికి వారం దాకా పడుతుంది. డబ్బా మీద కనిపించే ‘9హెచ్’ పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలోది. దాన్ని ఖనిజాల గట్టిదనంతో పోల్చి, ఇక గీతలే పడవని అనుకోవద్దు. ఇసుక దీన్నీ గీస్తుంది.

పూతే తన గీతల్ని తాను మాపుకోవాలన్న ప్రయత్నమూ జరిగింది. నిస్సాన్ 2005లో ప్రకటించిన స్క్రాచ్ గార్డ్ కోట్‌లో సాగే గుణమున్న రెసిన్ కలిపారు. సన్నగీతలు ఒక రోజు నుంచి వారంలో వాటంతటవే తగ్గుతాయని, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా తగ్గుతాయని కంపెనీ చెప్పింది. మన రోడ్ల మీది చాలా కార్లకి ఆ సదుపాయం లేదు. వాటికి ఏడాదికోసారి పాలిష్ పట్టించమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఒక పాలిష్ తర్వాత రెండు మూడేళ్లు వారానికోసారి రెండు బకెట్లతో, ముప్పావుగంట కడగడమే చాలు. టాప్ మీద తెల్లటి పొక్కులు లేచి పొర ఊడుతుంటే ఇక ఏ పాలిషర్ కూడా పనిచేయదు. ఆ భాగానికి మళ్లీ రంగు కొట్టించాల్సిందే.