ముఖ్యమంత్రి, కార్యదర్శి

ఒక కమ్యూనిస్టు పార్టీ ఏదైనా రాష్ట్రంలో అధికారంలోకి వస్తే దాని నాయకుడెవరు? సచివాలయంలోని ముఖ్యమంత్రా, పార్టీ ఆఫీసులోని కార్యదర్శా? మన కథల్లో, నాటకాల్లో ఈ ఇద్దర్నీ కలగలిపి ఒకే పాత్రగా నిలబెట్టే అలవాటుంది. దానివల్ల పాత్ర చెడటమే కాదు, అసలు సంఘర్షణే మరుగున పడుతుంది.

2018 ఏప్రిల్ 18 నుంచి 22 దాకా హైదరాబాదులో జరిగిన సిపిఐ(ఎం) 22వ అఖిల భారత మహాసభనే తీసుకుందాం. అప్పటికి ఆ పార్టీ నాయకత్వాన మిగిలిన ప్రభుత్వం కేరళ ఒక్కటే. పాతికేళ్లు వరసగా పాలించిన త్రిపుర ఆ ముందు నెలలోనే చేజారింది. శంషాబాదు విమానాశ్రయంలో ఒక ముఖ్యమంత్రి దిగితే స్వాగతానికి అధికారులు, పోలీసులు, కార్ల బారు సిద్ధంగా ఉంటాయి. ఏ ప్రభుత్వ పదవీ లేని ప్రధాన కార్యదర్శి అక్కడే దిగితే ప్రభుత్వం దృష్టిలో మామూలు ప్రయాణీకుడు. ఊళ్లోకి వచ్చి మహాసభ హాల్లో అడుగు పెట్టగానే ఈ వరస తలకిందులవుతుంది. అక్కడ ముఖ్యమంత్రి పినరయి విజయన్ పొలిట్ బ్యూరో సభ్యుల్లో ఒకరు. ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి.

కారణం నిర్మాణంలోనే ఉంది. అట్టడుగున శాఖ, దానిపైన స్థానిక, జిల్లా, రాష్ట్ర కమిటీలు. ప్రతి స్థాయిలోనూ మహాసభ తన కమిటీని ఎన్నుకుంటుంది, పై మహాసభకు ప్రతినిధులను పంపుతుంది. అఖిల భారత మహాసభ కేంద్ర కమిటీని, ఆ కమిటీ పొలిట్ బ్యూరోనూ ప్రధాన కార్యదర్శినీ ఎన్నుకుంటాయి. నిర్ణయానికి ముందు చర్చ, తర్వాత కట్టుబాటు. ప్రజాస్వామిక కేంద్రీకరణ అంటే స్థూలంగా ఇదే. ఈ నిచ్చెనలో ముఖ్యమంత్రి పదవికి మెట్టు లేదు. కాని ఆయన్ని గెలిపించినవారు ఓటర్లు. వారిలో అత్యధికులు పార్టీ సభ్యులు కారు. చిక్కంతా అక్కడే.

1996లో జ్యోతిబసును ప్రధానిని చేస్తామని ఐక్య సంఘటన పక్షాలు ముందుకు వచ్చాయి. కేంద్ర కమిటీ వద్దంది. బసు కట్టుబడ్డారు, తర్వాత మాత్రం దాన్ని చారిత్రక తప్పిదమని బహిరంగంగానే అన్నారు. 2007 మేలో ఇంకా విచిత్రం. కేరళ ముఖ్యమంత్రి అచ్యుతానందన్, రాష్ట్ర కార్యదర్శి విజయన్ పత్రికలకెక్కి కలహించుకున్నందుకు ఇద్దర్నీ పొలిట్ బ్యూరో నుంచి సస్పెండ్ చేశారు. ముఖ్యమంత్రి ముఖ్యమంత్రిగానే ఉన్నారు! ఏ నాటకకర్తకైనా ఇంతకన్నా ఏం కావాలి?

ప్రధాన కార్యదర్శి మాటే చెల్లుతుందనుకోవడమూ పొరపాటే. 2018 జనవరిలో కలకత్తాలో ఏచూరి వాదం కేంద్ర కమిటీలో 31-55 ఓట్ల తేడాతో వీగిపోయింది. కాంగ్రెసుతో ఎలాంటి అవగాహనా వద్దన్న ముసాయిదా నెగ్గింది. అదే ముసాయిదా హైదరాబాదు మహాసభకు వచ్చేసరికి ప్రతినిధుల చర్చ దాన్ని కదిలించింది. చివరికి రాజకీయ పొత్తు మాత్రమే ఉండదన్నట్టుగా సవరించారు. ఏచూరి మళ్లీ ఎన్నికయ్యారు. కొన్ని మాటల సవరణే కావచ్చు; పై కమిటీ ఓటును మహాసభ తిరగరాయగలదని అది చూపింది.

అన్నివేళలా ఇలా జరుగుతుందనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే. పశ్చిమ బెంగాల్లో 1977 నుంచి 2011 దాకా సాగిన పాలనలో ఊరి పార్టీ ఆఫీసే ప్రభుత్వ ఆఫీసుకు దారి అయిపోయిందన్న విమర్శను తోసిపుచ్చలేం. ప్రభుత్వాన్ని అదుపు చేయవలసిన శాఖ ప్రభుత్వానికి గుమాస్తాగా మారితే కింది గొంతు పైకి చేరదు.

తెలుగునేల ఈ అనుభవానికి దూరంగా ఉండిపోయింది. 1955 ఆంధ్ర ఎన్నికల్లో అధికారం అందుతుందనుకున్న పార్టీకి 196 స్థానాల్లో దక్కినవి 15. ఆ తర్వాతా ఇక్కడ కమ్యూనిస్టు ముఖ్యమంత్రి రాలేదు. కార్యదర్శులు మాత్రం వచ్చారు: సిపిఐ(ఎం)కు తొలి ప్రధాన కార్యదర్శి సుందరయ్య, సిపిఐకి చండ్ర రాజేశ్వరరావు, సురవరం సుధాకరరెడ్డి, 2024లో ఆ పదవిలో ఉండగానే మరణించిన ఏచూరి. అందుకే మన రచయితకు తెలిసిన కమ్యూనిస్టు జైలునో అడవినో ఉద్యమాన్నో చూసినవాడు. ఫైలు మీద సంతకం పెట్టాక, సాయంత్రం కమిటీ ముందు కూర్చుని సంజాయిషీ చెప్పుకునే మనిషి మన సాహిత్యంలోకి ఇంకా రాలేదు.