మాంద్యం ఒక్కటే, దెబ్బ వేరు
హుగ్లీ తీరంలో తిరిగిరాని ఉద్యోగాలు

కోల్‌కతా: ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ఉద్యోగాలు పోవడం ఏ పారిశ్రామిక నగరానికైనా తప్పదు. అయితే అవి పోయే తీరు, తిరిగి వచ్చే అవకాశం మాత్రం పరిశ్రమను బట్టి మారుతుంటాయి. హుగ్లీ నదికి ఇరువైపులా విస్తరించిన మిల్లుల చరిత్ర ఇందుకు నిదర్శనం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరతరాలుగా అక్కడికి వలస వెళ్లిన తెలుగు కార్మికులకూ ఈ చరిత్రలో భాగం ఉంది.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలిన దరిమిలా మన దేశ ఎగుమతులు పడిపోయాయి. ఎంపిక చేసిన రంగాల్లో కేంద్ర లేబర్ బ్యూరో జరిపిన సర్వే ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు-డిసెంబరు మధ్యకాలంలో సుమారు 5 లక్షల ఉద్యోగాలు పోయాయి. సూరత్‌లో వజ్రాలు సానబట్టే కార్మికులు అనేకులు పని లేక సౌరాష్ట్ర గ్రామాలకు తిరుగుముఖం పట్టారు. హైదరాబాద్, బెంగళూరులలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొత్త నియామకాలను తగ్గించాయి. విదేశీ ఆర్డర్లు పెరిగాక ఈ రంగాలు కోలుకున్నాయి. కోల్‌కతాకు 1960 దశకంలో తగిలిన దెబ్బ మాత్రం అలా మానలేదు.

ఆర్డర్లు ఆగిన వేళ

1965 యుద్ధం, వెంటవెంటనే రెండేళ్ల కరవు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు ప్రభుత్వ ఖజానాను కుంగదీశాయి. 1966 నుంచి 1969 వరకు పంచవర్ష ప్రణాళికకు విరామం ప్రకటించారు. రైల్వేలు వ్యాగన్ల ఆర్డర్లను కుదించాయి. జెసప్, బర్న్, బ్రెయిత్‌వెయిట్ వంటి వ్యాగన్ తయారీ సంస్థలకు రైల్వేలే ప్రధాన కొనుగోలుదారు కావడంతో మరో మార్కెట్ లేకపోయింది. వాటిని నమ్ముకున్న హౌరా ఫౌండ్రీలకు, చిన్న వర్క్‌షాపులకు కూడా పని తగ్గింది. బొగ్గు, ఉక్కు చేరువలో ఉండటమనే సహజ సౌలభ్యాన్ని 1956లో ఉక్కుకు అమలుచేసిన రవాణా చార్జీల సమీకరణ విధానం అంతకు ముందే హరించింది.

1970 దశకంలో ఆ పెద్ద సంస్థలను ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకుంది. అది తాత్కాలిక ఉపశమనమే అయింది. బర్న్ స్టాండర్డ్ మూసివేతకు 2018లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంబాసిడర్ కార్లు తయారుచేసిన ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 2014 మే నెలలోనే ఉత్పత్తి నిలిచిపోయింది.

నార లేక మూత

జనపనార మిల్లుల కథ మరో విధమైనది. 1855లో రిష్రాలో మొదటి మిల్లు వెలసింది. 1947 దేశవిభజనతో మిల్లులు ఇటు, నార పండే నేలలో అధిక భాగం అటు పోయాయి. తరువాత ప్లాస్టిక్ సంచులు విదేశీ మార్కెట్‌ను ఆక్రమించాయి. ఆహారధాన్యాలకు, పంచదారకు గోనెసంచుల వాడకాన్ని తప్పనిసరి చేసే 1987 నాటి చట్టమే ఈ పరిశ్రమను నిలబెట్టింది. ఇక్కడ కూడా ప్రధాన కొనుగోలుదారు ప్రభుత్వమే.

అయినా, గిరాకీ ఉన్నంత మాత్రాన పనికి భరోసా లేదని 2021-22లో రుజువైంది. ముడి జనపనారకు క్వింటాలుకు రూ. 6,500 గరిష్ఠ ధర నిర్ణయించగా, బజారులో అంతకు మించి పలికింది. ఆ ధరకు నార దొరకక పలు మిల్లులు మూతపడ్డాయి. 2022 మే నెలలో కేంద్రం ఆ పరిమితిని ఎత్తివేసింది.

బద్లీ కార్మికుల గతి

టిటాగఢ్, కాంకినారా, జగద్దల్ మిల్లుల్లో ఉదయం షిఫ్టుకు వచ్చిన కార్మికునికి గేటుపై 'పని నిలిపివేత' నోటీసు కనిపించడం అరుదు కాదు. అతడిని ఉద్యోగం నుంచి తొలగించినట్లు కాదు, జీతం మాత్రం ఉండదు. లేఆఫ్ అయితే మూలవేతనం, కరవు భత్యంలో సగం పరిహారంగా ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్దేశించింది. కానీ ఏడాది నిరంతర సర్వీసు పూర్తికాని బద్లీ కార్మికులను, అనగా గైర్హాజరైనవారి స్థానంలో పనిచేసేవారిని, అది ఆ హక్కుకు దూరంగా ఉంచింది. మాంద్యంలో మొదట పని కోల్పోయేది వారే.

మిల్లు మూతపడితే స్వగ్రామానికి చేరి, తెరిచాక తిరిగి వెళ్లడం తెలుగు కార్మికుల అలవాటు. ఊళ్లో కాస్త పొలమో, అయినవారో ఉన్నవారికే అది సాధ్యం. ఉత్తరాంధ్రలోని జనపనార మిల్లులు వారికి ఆసరా కాగలవనుకుంటే, చిట్టివలస మిల్లు 2009లో లాకౌట్ అయింది. నెల్లిమర్లలోనూ పలుమార్లు లాకౌట్లు జరిగాయి. ఒకే పరిశ్రమను నమ్ముకున్నవారికి ఊరు మారినా కష్టం మారలేదు.

సూరత్ కార్మికుడు విదేశీ ఆర్డరు కోసం ఎదురుచూశాడు. హుగ్లీ తీరంలోని కార్మికుడు ప్రభుత్వ ఆర్డరుతో పాటు నార ధర కోసం, గేటు తెరిచే యాజమాన్యం కోసం ఎదురుచూడవలసి వచ్చింది. నిరీక్షణ సాగినంతకాలం కుటుంబం గడిచే మార్గమేదన్న ప్రశ్నకు బద్లీ కార్మికుడి వద్ద సమాధానం లేదు.